రాసిపెట్టి ఉన్నదాంట్లో మన వాటా ఎంత?

మా మేనమామకు కొత్తపట్నం వైపు రెండు రొయ్యల చెరువులున్నాయి. ఒకటి సొంతం, ఒకటి లీజు. మొన్నటి వేసవి పంటకి నలభయ్యో రోజు దగ్గర వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు తగిలింది. పొద్దున గట్టు మీదికి పోయేసరికి రొయ్యలు అంచులకు చేరి ఉన్నాయి. మధ్యాహ్నానికి, రొయ్యలు తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. మూడో రోజుకు ఇక ఏరుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. పలకరించడానికి వెళ్తే ఆయన అన్న మొదటి మాట, "రాసిపెట్టి ఉంది అబ్బయా. మనం ఏం చేసినా ఆగేది కాదు."

పది నిమిషాలు కూడా గడవలేదు, అదే నోటితో పక్క చెరువు రైతును తిట్టడం మొదలుపెట్టాడు. "సీడ్‌కి పీసీఆర్ టెస్టు చేయించకుండా దించాడు. తగిలిందని ఎవరికీ చెప్పలా. రాత్రికి రాత్రి నీళ్ళు కాలవలోకి వదిలాడు. మనిషనేవాడు అట్టా చేస్తాడా?" సీడ్ అంటే చెరువులో దించే రొయ్య పిల్లలు, పీసీఆర్ అంటే వాటిలో వైరస్ ఉందో లేదో తేల్చే ల్యాబు పరీక్ష.

ఒంగోలుకు తిరిగొచ్చే బస్సులో నాకు ఇదే తిరిగింది. ఏం చేసినా జరిగేదే జరిగితే పక్క రైతు చేసిన తప్పేముంది? అతను నీళ్ళు వదలడమూ ఆ రాతలోదే కదా. లేదూ, అతనిది తప్పే అంటే, అతను వదలకుండా ఉండగలిగేవాడన్న మాట. అప్పుడు మామ అన్న మొదటి మాట నిలవదు. మామను ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. నేనూ అంతే. నా నష్టానికి రాత కారణం, ఎదుటివాడి తప్పుకు వాడి బుద్ధి కారణం, నాకు లాభం వస్తే మాత్రం నా తెలివి కారణం.

మనిషికి ఇచ్ఛాస్వాతంత్ర్యం, ఇంగ్లీషులో ఫ్రీ విల్ అనేది, ఉందా లేదా అన్న పెద్ద చర్చ మొత్తం ఆ చెరువు గట్టు మీద ఉన్నట్టే. కార్యకారణ నియమాలతో నడిచే ప్రపంచంలో, కోతి లాంటి పూర్వీకుల నుంచి పరిణామం చెందిన మెదడుతో, అన్నీ తెలిసిన దేవుణ్ణి నమ్ముతూ, "ఇది నా నిర్ణయం" అనడానికి వీలుంటుందా? నా మటుకు నాకు వీలుంటుందనే అనిపిస్తుంది. కాకపోతే ముందు ఒక మాటను ముక్కలు చేసుకోవాలి.

ఒక్క "రాత"లో మూడు సంగతులు

తెలుగులో రాత అనే మాట కింద కనీసం మూడు వేరు వేరు సంగతులు కలగలిసిపోయాయి.

మొదటిది విధి. పరీక్షిత్తు కథ అందరికీ తెలిసిందే. ఏడు రోజుల్లో తక్షకుడి విషంతో చస్తావని శాపం. రాజు ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు, చుట్టూ కాపలా పెట్టుకున్నాడు, విషవైద్యుల్ని పెట్టుకున్నాడు. పాము పండులో పురుగై వచ్చింది. ఈ కథలో దారులు ఎన్నయినా ఉండవచ్చు, చివర మాత్రం ఒక్కటే. రాజు మేడ కట్టినా కట్టకపోయినా తేడా లేదు. "ఏం చేసినా" అన్న మాట ఎక్కడ వినిపిస్తే అక్కడ మాట్లాడుతున్నది విధి గురించి.

రెండోది నియతి. కాలేజీ పాఠాల్లో డిటర్మినిజం అనేది దీన్నే. జరిగే ప్రతిదానికీ అంతకుముందు జరిగినవాటిలో చాలినన్ని కారణాలుంటాయని ఇది చెబుతుంది. పైకి విధిలాగే ఉంటుంది కానీ దీని నడక తలకిందులు. విధిలో ఫలితం దారితో నిమిత్తం లేకుండా వస్తుంది, నియతిలో దారి గుండానే వస్తుంది. వైట్ స్పాట్ చెరువులోకి ఆకాశం నుంచి ఊడిపడదు. సీడ్‌తో వస్తుంది, కాలవ నీటితో వస్తుంది, గట్టు దాటే పీతతో వస్తుంది, జబ్బు రొయ్యను ముక్కున కరుచుకొచ్చి జారవిడిచే కాకితో వస్తుంది. దారి మూస్తే రాదు. కాబట్టి నియతివాది "ఏం చేసినా జరుగుతుంది" అనడు, "ఏం చేస్తే దాన్నిబట్టి జరుగుతుంది" అంటాడు. మామ ఒక్క వాక్యంలో ఈ రెండింటినీ కలిపేశాడు. మనలో చాలామంది ఫ్రీ విల్ లేదనేటప్పుడు భయపడేది విధికి, రుజువులు చూపించేది నియతికి.

మూడోది ముందే తెలియడం. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ 1814లో ఒక ఊహ చేశాడు. ఈ క్షణంలో విశ్వంలోని ప్రతి కణం ఎక్కడుందో, ఏ బలాలు పనిచేస్తున్నాయో తెలిసి, వాటన్నిటినీ లెక్క కట్టగల బుద్ధి ఒకటి ఉంటే దానికి గతం, భవిష్యత్తు రెండూ కళ్ళముందే ఉంటాయన్నాడు. ఇది విన్నాక నియతి అంటే జాతకం చెప్పగలగడమేనని అనుకోవడం సహజం. కానీ కోస్తావాళ్ళకు ఇంకో అనుభవం ఉంది. తుఫాను మచిలీపట్నం దగ్గర దాటుతుందంటారు, బాపట్ల అంటారు, నెల్లూరు దాకా అప్రమత్తం చేస్తారు. గాలి, నీటి ఆవిరి, వేడి అన్నీ భౌతిక సూత్రాల ప్రకారమే నడుస్తాయి. అయినా వారం ముందు తీరం దాటే చోటును గురిచూసి చెప్పలేరు. ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1961లో కంప్యూటర్‌కి 0.506127 అన్న అంకెకు బదులు 0.506 ఇచ్చాడు. అంత చిన్న తేడాకే కొంతసేపటి తర్వాత లెక్కలోని వాతావరణం మొత్తం వేరే దారి పట్టింది. అంటే, అన్నీ కారణాల ప్రకారమే జరగవచ్చు, అయినా ఎవరూ ముందుగా చెప్పలేకపోవచ్చు. ఇది మనకు స్వేచ్ఛ ఉందని రుజువు చేయదు. తుఫానుకూ సంకల్పం లేదు కదా. జాతకం వేరు, నియతి వేరు అని మాత్రం తేలుస్తుంది.

బుద్ధి కర్మానుసారిణి అయితే?

ఇక్కడితో అయిపోతే సుఖమే. కానీ విధిని పక్కన పెట్టేసినా నియతి ఒక్కటే చాలు, గొంతు మీద కూర్చోవడానికి. అమెరికన్ తాత్వికుడు పీటర్ వాన్ ఇన్వాగెన్ 1983లో గట్టిగా బిగించిన వాదం ఇలా నడుస్తుంది. నేను పుట్టకముందు లోకం ఎలా ఉందో నా చేతుల్లో లేదు. ప్రకృతి నియమాలు నా చేతుల్లో లేవు. ఈ రోజు నేను చేసే ప్రతి పనీ ఆ రెండింటి నుంచి తప్పనిసరిగా వచ్చేదైతే, ఆ పని మాత్రం నా చేతుల్లో ఎలా ఉంటుంది?

మనవాళ్ళు దీన్నే రెండు మాటల్లో చెప్పుకున్నారు: బుద్ధిః కర్మానుసారిణీ. ఫలితం మాత్రమే కాదు, ఆ ఫలితానికి తోవ తీసే బుద్ధి కూడా ముందటి కర్మను బట్టే పుడుతుందని. "సరే, బాగా ఆలోచించి నిర్ణయం తీసుకుంటాను" అంటే, ఆ ఆలోచించే గుణం ఎక్కడి నుంచి వచ్చింది? అమ్మానాన్నల నుంచి, బడి నుంచి, చిన్నప్పుడు తిన్న తిండి నుంచి. వాటిని ఎవరు ఎంచుకున్నారు? వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎక్కడా "నేను" తగలను.

క్వాంటం భౌతికశాస్త్రం దీన్నుంచి బయటపడేస్తుందని కొందరికి ఆశ. రేడియోధార్మిక పరమాణువు ఒకటి ఏ క్షణంలో విచ్ఛిన్నమవుతుందో ముందే తేల్చే కారణమేదీ లేదని ఎక్కువమంది భౌతికశాస్త్రవేత్తలు చెప్పే లెక్క. ఉండనివ్వండి. నా నిర్ణయం నా మెదడులో ఏదో కణం బొమ్మా బొరుసా వేస్తే వచ్చిందైతే అది నాదెట్లా అవుతుంది? పక్క రైతు చేయి తనంతట తానే ఎగిరి తూము ఎత్తేసి ఉంటే మా మామ అతన్ని తిట్టేవాడు కాదు, ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. కారణాలుంటే బందీలం, కారణాల్లేకపోతే పిచ్చివాళ్ళం. రెండు వైపులా గోడే అయినప్పుడు అనుమానించాల్సింది మనం స్వేచ్ఛ అంటే ఏమనుకుంటున్నామో దాన్ని.

నియతి, స్వేచ్ఛ రెండూ పొసగుతాయనేవాళ్ళు మొదలుపెట్టేది ఇక్కడే. ఇంగ్లీషు తాత్వికుడు థామస్ హాబ్స్ 1651లో నీటి పోలిక తెచ్చాడు. కాలవలో నీరు స్వేచ్ఛగానే పారుతుంది, పల్లానికే తప్పనిసరిగానూ పారుతుంది, రెండింటికీ తగాదా లేదన్నాడు. అడ్డుకట్ట లేకపోవడమే స్వేచ్ఛ అని ఆయన లెక్క. సంగం ఆనకట్ట దగ్గర పెన్న నీళ్ళను చూసినవాళ్ళకు ఈ మాట వెంటనే తడుతుంది. నాకైతే తృప్తి ఇవ్వలేదు. కాలవకు పారాలని గానీ పారకూడదని గానీ ఉండదు. అడ్డు లేకపోవడం ఒక్కటే స్వేచ్ఛ అయితే, సారా దుకాణానికి ఎవరూ ఆపకుండా నడిచిపోయే తాగుబోతే లోకంలో అందరికన్నా స్వతంత్రుడు.

సారా మాట ఊరికే తేలేదు. హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్ అనే తాత్వికుడు 1971లో ఈ ముడిని విప్పడానికి వ్యసనాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. మనిషికి కోరికలుంటాయి, జంతువుకూ ఉంటాయి. మనిషికి ఇంకో అంతస్తు ఉంది, తన కోరికల మీద తనకే కోరికలుంటాయి. ఒకడికి మత్తు కావాలి, అది కావాలనిపించకుండా ఉంటే బాగుండునని కూడా ఉంటుంది. వాడు మత్తు తీసుకున్నప్పుడు గెలిచింది వాడు కాదు, వాడు తనదని ఒప్పుకోని కోరిక. రెండోవాడికి కావాలి, కావాలనిపించడం కూడా ఇష్టమే. మూడోవాడికి ఆ రెండో అంతస్తే లేదు, ఏ కోరిక ముందుకు తోస్తే అటు పోతాడు. ఫ్రాంక్‌ఫర్ట్ దృష్టిలో స్వేచ్ఛ అంటే కారణాలు లేకపోవడం కాదు. మనల్ని కదిలించే కోరిక, మనం నిలబడి "ఇది నాదే" అని ఒప్పుకునే కోరిక ఒక్కటే కావడం.

ఇప్పుడు దీన్ని నెల్లూరు జిల్లా దూబగుంటలో పెట్టి చూడండి. 1990 తర్వాత జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతర్ల ముందు కూచుని చదువుకున్న ఆడవాళ్ళు సారా గురించిన పాఠం చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. 1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా దుకాణం మూయించారు. మంట పక్క ఊళ్ళకు, పక్క జిల్లాలకు అంటుకుంది. వేలంపాటల్ని అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే కథ.

ఈ ఉద్యమాన్ని నియతివాది ఎట్లా చూస్తాడు? ఆడవాళ్ళ తిరుగుబాటుకు కారణాలున్నాయి: పాఠం, ఆకలి, దెబ్బలు, కూలిడబ్బుల్ని మింగేసే ప్యాకెట్లు. మగవాళ్ళ తాగుడుకూ కారణాలున్నాయి. రెండూ కారణాల గొలుసులే. అయినా రెండూ ఒకటేనని ఏ బుద్ధిమంతుడూ అనడు. సారా మనిషి మీద పనిచేసేటప్పుడు వాడి ఆలోచనను తప్పించుకుని పోతుంది. పాఠం పనిచేయాలంటే ఆలోచన గుండానే పోవాలి, చదివిన మనిషి "నిజమే" అనుకోవాలి, లేకపోతే అది ఉట్టి సిరా. నాకు తెలిసినంతలో స్వేచ్ఛ అంటే ఇదే. కారణాల గొలుసు నుంచి బయటికి దూకడం కాదు, ఆ గొలుసులో మన ఆలోచన కూడా ఒక లంకె కావడం. ఇంకో సంగతి. ఆ ఆడవాళ్ళు మొగుళ్ళకు మనోబలం కలిగేదాకా కాచుకుని కూచోలేదు, దుకాణం మీదికి పోయారు. మనిషి బుద్ధికి కారణాలుంటాయని వాళ్ళకు తెలుసు, అందుకే కారణాన్ని పట్టుకున్నారు. నియతి తెలిసినవాడు చేతులు ముడుచుకుంటాడన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

మెదడు ప్రయోగాల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఈ చర్చ ఎక్కడ మొదలైనా ఎవరో ఒకరు లిబెట్ పేరు ఎత్తుతారు. అమెరికన్ మెదడు శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ 1983లో మనుషుల్ని ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపమన్నాడు. కదలికకు దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో విద్యుత్ సందడి మొదలైంది. "ఇప్పుడు కదపాలి" అని వాళ్ళకు తోచింది మాత్రం దాదాపు 200 మిల్లీసెకన్ల ముందు. నిర్ణయం మెదడు ముందే తీసేసుకుంది, మనకు కబురు తర్వాత అందిందని పత్రికలు రాశాయి. ఆరన్ షుర్గర్ బృందం 2012లో ఇంకో వివరణ ఇచ్చింది. ఆ సందడి నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు ఒక గీత దాటేదాకా పోగవడం కావచ్చని. ఏది నిజమైనా, ఏ కారణమూ అక్కర్లేకుండా వేలో మణికట్టో కదపడం మన జీవితంలో నిర్ణయం కింద లెక్కకు రాదు. ఆడపిల్లను ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ పంపాలా వద్దా అని ఇంట్లో నెల రోజులు తర్జనభర్జన పడటాన్ని ఏ ఎలక్ట్రోడూ సగం సెకనులో పట్టుకోలేదు.

తాబేలు పిల్ల, వీధి దీపం

పరిణామ సిద్ధాంతం ఫ్రీ విల్‌ని చంపేస్తుందని అనేవాళ్ళు ఒక పక్క, అందుకే దాన్ని నమ్మబోమనే భక్తులు ఇంకో పక్క. ఇద్దరికీ మన తీరంలోనే చూడదగ్గది ఒకటుంది.

చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఇసుక తీరాలకు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ గుడ్డులోంచి ఆడపిల్ల వస్తుందా మగపిల్ల వస్తుందా అన్నది కూడా ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని ఇసుకలోంచి బయటికి రాగానే ఎక్కడ వెలుతురు ఎక్కువుంటే అటు నడుస్తుంది. లక్షల ఏళ్ళపాటు రాత్రిపూట వెలుతురు అంటే సముద్రం మీది ఆకాశమే, కాబట్టి ఆ ఒక్క సూత్రం దానికి సరిపోయింది. ఇప్పుడు ఒడ్డున వీధి దీపం ఉంటే పిల్ల దీపం వైపు నడిచి తెల్లారేసరికి ఎండకో కుక్కకో బలైపోతుంది. "ఇది సముద్రం కాదేమో" అనుకునే అంతస్తు దానికి లేదు.

మనకు ఆ అంతస్తు ఉంది. దాన్ని కట్టిందీ పరిణామమే. మారే పరిస్థితుల్లో ముందు జరగబోయేదాన్ని తలలోనే నడిపి చూసుకోగల జంతువు, నిజంగా నడిచి చచ్చే జంతువు కంటే ఎక్కువ పిల్లల్ని మిగుల్చుకుంటుంది. డేనియల్ డెనెట్ అనే తాత్వికుడు జీవితమంతా ఈ మాటే రకరకాలుగా చెప్పాడు. తప్పించుకోగల శక్తి కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది, బాక్టీరియాకు ఒక చెంచాడు, కాకికి ఒక గిన్నెడు, మనిషికి ఒక బిందెడు. లెక్క నాది, మాట ఆయనది. స్వేచ్ఛ ఉంటే పూర్తిగా, లేకపోతే సున్నా అనుకోవడం వల్లే సగం కొట్లాటలు. పసిపిల్లకు కొంచెం, పెద్దవాడికి ఎక్కువ, తాగినవాడికి తక్కువ, ఆకలితో ఉన్నవాడికి ఇంకా తక్కువ.

ప్రకృతి వరణానికి, అంటే ప్రకృతి చేసే ఎంపికకు, ఉద్దేశం లేదు. ఒంగోలు ఎద్దుకు ఆ మూపురం, ఆ నడక తెచ్చింది మాత్రం తరతరాలుగా రైతులు ఏరికోరి కలిపిన జతలు. ఆ జాతి బ్రెజిల్‌కి పోయి అక్కడ "నెలోర్" అన్న పేరుతో లక్షలాది మందలైంది, మన నెల్లూరు పేరే. 1859లో డార్విన్ తన వాదాన్ని మొదలుపెట్టింది ఇలాంటి పెంపకందార్ల పనితోనే. రైతు ఎంపికకు ఉద్దేశం ఉంది, ప్రకృతి ఎంపికకు లేదు. ఉద్దేశం లేని పని నుంచి ఉద్దేశాలున్న ప్రాణి పుట్టడం వింతే. అబద్ధం మాత్రం కాదు. "నా జన్యువులు అట్టా ఉన్నాయి, నేనేం చేయను" అనేవాణ్ణి ఒక్కటే అడగాలి, ఆ సాకు వెతికి పెట్టిన మెదడు కూడా ఆ జన్యువులదేగా, దాన్నే ఇంకో పనికి వాడరాదా అని.

విత్తనం దైవం, పొలం మనది

మతం దగ్గరికి వస్తే చిక్కు ఇంకో రూపం ఎత్తుతుంది. దేవుడికి అన్నీ ముందే తెలుసు, అన్నీ ఆయన చేతిలోనివే అంటే పాపపుణ్యాలు ఎవరివి? ఏ మతమూ దీనికి ఒక్క గొంతుతో జవాబు చెప్పలేదు. ప్రతి మతం లోపలా ఇదే కొట్లాట జరిగింది. మతం ఒక పక్క, స్వేచ్ఛ ఇంకో పక్క నిలబడి ఉన్నాయనుకోవడం చరిత్ర చదవకపోవడం వల్ల.

మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు అంపశయ్య మీది భీష్ముణ్ణి సూటిగా అడుగుతాడు, దైవం గొప్పదా, పురుషకారం అంటే మనిషి ప్రయత్నం గొప్పదా అని. వ్యాసభారతంలో భీష్ముడు బ్రహ్మ వసిష్ఠుడికి చెప్పిన జవాబును వినిపిస్తాడు. విత్తనం లేకుండా పొలం పండదు, పొలంలో వేయని విత్తనమూ పండదు. పొలం పురుషకారం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు. మొలగొలుకులు పండిన ఈ నేలలో ఈ పోలికకు వివరణ అక్కర్లేదు.

గీత ఇంకా తమాషా. పద్దెనిమిదో అధ్యాయం 59వ శ్లోకంలో కృష్ణుడు, నువ్వు యుద్ధం చేయనని అనుకున్నా నీ ప్రకృతే నీచేత చేయిస్తుందంటాడు. 61లో ప్రాణులన్నీ యంత్రం మీద ఎక్కించినట్టు తిరుగుతున్నాయంటాడు. 63కి వచ్చేసరికి, అంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని "యథేచ్ఛసి తథా కురు", నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. ఐదు శ్లోకాల్లో రెండు కొసలూ ఉన్నాయి. వ్యాఖ్యాతలు దీనితో వందల ఏళ్ళు కుస్తీ పట్టారు. నేను గమనించింది ఒక్కటే. మధ్యలో ఉన్న "విమృశ్య", ఆలోచించి అన్న మాట. యంత్రానికి ఎవరూ ఆలోచించుకోమని చెప్పరు.

అచ్చమైన నియతివాది కావాలంటే మక్ఖలి గోశాలుడి దగ్గరికి పోవాలి. బుద్ధుడి కాలంవాడు, ఆజీవకులనే సన్యాసుల శాఖకు గురువు. విసిరిన దారపు ఉండ దారం అయిపోయేదాకా ఎలా విప్పుకుంటూ పోతుందో, మూర్ఖుడూ పండితుడూ అలాగే సంసారం చివరిదాకా దొర్లి అక్కడ ఆగుతారని ఆయన మాటగా బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. బుద్ధుడు ఈ మాటను గట్టిగా ఖండించాడు. ఆజీవకం తర్వాత్తర్వాత మాసిపోయింది.

ఇస్లాంలో మనిషి తన పనులకు తానే కర్త అన్న ముతజిలాలకు, ప్రతి పనినీ అల్లాయే సృష్టిస్తాడు, మనిషి దాన్ని తనదిగా సంపాదించుకుంటాడన్న అషరీ పక్షానికి తగువు వెయ్యేళ్ళ కిందటిది. పండితుల తగువు అలా ఉండగా, ప్రవక్త చెప్పినట్టుగా వచ్చే ఒక మాట మామూలు జనానికి సరిపోయింది: ముందు ఒంటెను కట్టెయ్యి, తర్వాత దేవుడిమీద భారం వెయ్యి. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్ళను చూస్తే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె. కోరిక తీరినవాళ్ళు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు, అందులో హిందువులూ బోలెడంతమంది. ఉద్యోగ రొట్టె తిన్న కుర్రవాడు ఆ సాయంత్రం కోచింగ్ మానేశాడని నేనెక్కడా వినలేదు.

క్రైస్తవంలో అగస్టీన్ నుంచి కాల్విన్ దాకా ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే ఎంచేశాడన్న పక్షం, ఆర్మీనియస్ నుంచి కాదన్న పక్షం. బాప్టిస్టుల్లో ఒక శాఖ పేరే ఫ్రీ విల్ బాప్టిస్టులు. ఒంగోలులో మాత్రం ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి బయటికొచ్చి నిలబడింది. 1876-78 నాటి కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. పని కోసం, గింజల కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం జరిగింది. ఎక్కువమంది మాదిగలు. వాళ్ళు స్వేచ్ఛగా ఎంచుకున్నారా అని ఈనాటికీ వాదిస్తారు. ఆ ఎంపిక వెనక కారణాలున్నాయి, నిజమే. ఆకలి ఒకటి, ఊరు వాళ్ళను చూసిన చూపు ఇంకొకటి, విన్న మాట మరొకటి. కానీ క్లౌ గీసిన గీత చూడండి. కారణం ఉండకూడదని ఆయన అనలేదు, ఆకలి ఒక్కటే కారణం కాకూడదన్నాడు. వాళ్ళను అనుమానించేవాళ్ళు ఒకటి మర్చిపోతారు, ఊరి చివర బతకమని చెప్పిన మతంలో ఉండటం మాత్రం ఆ మనుషులు ఎప్పుడు ఎంచుకున్నారు?

పరిణామానికీ విశ్వాసానికీ మధ్య తగువు గురించి పెద్దగా చెప్పను. కేథలిక్ పోప్ పన్నెండో పయస్ 1950లోనే శరీరం పరిణామం గురించి పరిశోధించుకోవచ్చన్నాడు, ఆత్మను మాత్రం దేవుడే సృష్టిస్తాడని గీత గీశాడు. ఆ గీత దగ్గర సైన్సుకు పని లేదు. అయినా, దేవుడికి ముందే తెలియడమూ, ఆయన మనచేత చేయించడమూ ఒకటి కాదు. నేను రేపు ఏం చేస్తానో మా అమ్మకు ముందే తెలుసు, అంతమాత్రాన ఆమె చేయించినట్టు కాదు. తెలిసి, ఆపగలిగీ ఆపకపోతే ఏమిటన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న స్వేచ్ఛ మీద కాదు, దేవుడి మంచితనం మీద పడుతుంది.

వీడని ముడి

ముడిలో సగం మాత్రం నాకు ఇంకా వీడలేదు. అది మామ పక్క రైతును తిట్టిన తిట్టు దగ్గరుంది. నా ఆలోచన కూడా ఒక లంకె అని ఒప్పుకున్నా, ఆ ఆలోచించే మనిషిని తయారుచేసింది నేను కాదు. రాబర్ట్ సపోల్స్కీ లాంటి జీవశాస్త్రవేత్తలు ఇక్కడే పట్టుకుంటారు. జన్యువులు, కడుపులో ఉన్నప్పటి పరిస్థితులు, పెరిగిన ఇల్లు అన్నీ లెక్కేస్తే ఎవరికీ నిందా దక్కదు, మెచ్చుకోలూ దక్కదంటారు. ఇంగ్లీషు తాత్వికుడు పీటర్ స్ట్రాసన్ 1962లోనే ఇలాంటి వాదానికి అడ్డం చెప్పాడు. కోపం, కృతజ్ఞత, మనసు నొచ్చుకోవడం సిద్ధాంతం మీద నిలబడినవి కావు, మనుషుల మధ్య బతకడమంటేనే అవి, వాటిని వాదంతో మాన్పలేమన్నాడు.

నాకు ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉందనిపిస్తుంది. పక్క రైతు మీద కోపం పనికొచ్చే కోపమే. అతనికి అర్థమవుతుంది, సిగ్గు వేస్తుంది, వచ్చే పంటకు మారవచ్చు. కాకిని తిట్టి లాభం లేదు, అతన్ని తిడితే ఉంది. కానీ "వాడు కుళ్ళిపోయి చావాలి" అన్నది వేరే రకం. అతను లీజుకు వడ్డీకి అప్పు తెచ్చాడని, టెస్టు ఖర్చు దగ్గర కక్కుర్తి పడ్డాడని, తగిలిందని చెబితే మేత షాపువాడు అరువు ఆపేస్తాడని భయపడ్డాడని తెలిశాక ఆ రెండో రకం కోపం నాకు నిలవలేదు. మొదటి రకం నిలిచింది. మామకు రెండూ నిలిచాయి, నష్టం ఆయనది కాబట్టి నేను వాదించలేదు.

మొన్న ఫోన్ చేశాడు. చెరువు ఎండబెట్టి దున్నించాడట, సున్నం చల్లించాడట, గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కట్టించాడట. సీడ్ శాంపిల్ ల్యాబుకు పంపాడు.

"దశమి బాగుందంటన్నారు అబ్బయా. రిపోర్టు నెగటివ్ వస్తే ఆ రోజే దించుతా."

"పాజిటివ్ వస్తే?"

"వస్తే దశమైతే ఏంది, ఏకాదశైతే ఏంది? దించను."

పక్క రైతుకు కూడా ఆ ల్యాబు నంబరు పంపించాడట, పనివాడి చేత. ఇద్దరికీ మాటలు మాత్రం ఇంకా లేవు.